లోపల వదిలిన గుడ్డ

బట్టలు కుట్టేవాళ్ళ మాట ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. శుక్రవారం ఇస్తామన్నామంటే మంగళవారం అని అర్థం. నేనూ ఆ బాపతే. దానికి తోడు నాకింకో రోగం ఉంది. ఎదిగే పిల్లల బట్టల్లో కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదులుతాం చూడండి, రేపు పిల్ల పొడుగైతే విప్పుకోవడానికి, నేను మాట్లాడే మాటల్లో కూడా అలా వదులుతాను. ఎవరైనా పదింటికి రావాలంటే తొమ్మిదిన్నరకి రమ్మంటాను. మనుషులు ఎలాగూ ఆలస్యంగానే వస్తారని నా నమ్మకం. ఎందుకంటే నేను అలాగే వస్తాను.

మా ఆయన సిటీబస్సు డ్రైవరు. మాజీ ఆయన అనాలి, ఆ మాటకి నాకింకా నోరు తిరగదు. ఆయన దగ్గర అరంగుళం కూడా ఒదులు ఉండదు. ఏడూ పదహారుకి మా వీధి చివర స్టాపులో బస్సు కదలాలంటే ఏడూ పదహారుకే కదులుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన మర్చిపోయిన భోజనం డబ్బా పట్టుకుని ఆ బస్సు వెనకే పరుగెత్తాను. అద్దంలో నన్ను చూశాడు. చూసి కూడా వెళ్ళిపోయాడు.

సాయంత్రం నిలదీస్తే, "నలభై మంది కూర్చుని ఉన్నారు. నీకోసం ఆపితే వాళ్ళకేం చెప్పను?" అన్నాడు.

"నా పెళ్ళాం వస్తోందని చెప్పండి."

"బస్సుకి పెళ్ళాం ఉండదు."

పన్నెండేళ్ళ కాపురం ఈ ధోరణిలోనే నడిచింది. కొట్టుకోలేదు, తాగుడు లేదు, ఇంకో ఆడమనిషి లేదు. పొద్దున లేస్తే గడియారం, రాత్రి పడుకుంటే గడియారం. చివరికి విడాకులకి కూడా నేను నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికే ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, సంతకానికి పెన్ను మూత తీసి పెట్టుకుని. ఆ తర్వాత నాలో వచ్చిన మార్పు ఒక్కటే, 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగాను.

పిల్ల నా దగ్గర ఉండేది. ఆదివారాలు వాళ్ళ నాన్న దగ్గర. బడికీ తిండికీ నెలనెలా ఇంత అని రాసుకున్నాం. పైన వచ్చే ఖర్చు ఏదైనా చెరిసగం. ఆ సగాల గురించి మేమిద్దరం నేరుగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మకి చెప్పు", అంతే. అటూ ఇటూ మాటలు మోసే పని పదకొండేళ్ళ పిల్లది. అది పాపమని అప్పుడు నాకు తోచిందంటే అబద్ధం.

పిల్లకి ఈత పిచ్చి. నీళ్ళు కనబడితే బట్టలతో సహా దిగేది, వాళ్ళ నాన్న 'చేపపిల్ల' అని పిలిచేవాడు. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి బడి నుంచి ఒక కాగితం పట్టుకుని షాపులోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, రెండువందల మందిలో పన్నెండు మందిని తీసుకున్నారు. నేనూ ఉన్నా."

నేను మిషను మీంచి లేచి దాన్ని పట్టుకుని అక్కడే గిరగిరా తిప్పాను. జాకెట్టుకి కాజాల కోసం వచ్చిన ఒకావిడ కూడా నవ్వింది. తర్వాత కాగితం అడుగున ఫీజు చూసి మళ్ళీ కూర్చున్నాను. ఎండాకాలం అంతా పెద్ద స్విమ్మింగ్ పూల్లో శిక్షణ, చివర పోటీలు. నా మిషను కొత్తగా కొన్నప్పుడు కూడా అంత పెట్టలేదు. రెండు వాయిదాలు. మొదటిది ఇరవయ్యో తేదీకల్లా కట్టాలి, కట్టకపోతే ఆ చోటు పదమూడో పిల్లకి ఇచ్చేస్తారు.

"మీ నాన్నకి పదో తేదీ అని చెప్పు" అన్నాను.

"ఇరవై అని రాసుంది కదా?"

"మనకి ఇరవై. ఆయనకి పది. కిందటేడు కళ్ళజోడు డబ్బు ఎప్పుడిచ్చాడు? మూడు వారాలయ్యాక. పది అంటే గాని ఇరవైకి రాదు."

"నాన్న ఎప్పుడూ లేటు చెయ్యడమ్మా."

"బస్సు లేటు చెయ్యడు. డబ్బు వేరు. చెప్పినట్టు చెప్పు."

కళ్ళజోడు సంగతి ఆయనకి చెప్పడంలో నేనే రెండు వారాలు ఆలస్యం చేశానన్న ముక్క ఆ పూట గుర్తు రాలేదు. మన తప్పులకి మనకి మతిమరుపు ఎక్కువ.

పిల్ల కాగితం నాలుగు మడతలు పెట్టి నాకిచ్చేసింది.

పదో తేదీ సాయంత్రం దాని సంచిలోంచి గులాబీరంగు రసీదు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన తన సగం తనే వెళ్ళి పూల్ ఆఫీసులో కట్టేశాడు. రసీదు మీద టైము కూడా ఉంది, పదింటికి, కౌంటరు తెరిచీ తెరవగానే. నేను ముఖం చేటంత చేసుకుని, "చూశావా, నేనలా చెప్పబట్టే" అన్నాను. నా సగం నేను పందొమ్మిదో తేదీ సాయంత్రం, వాళ్ళు షట్టరు దించుతుంటే వెళ్ళి కట్టాను.

శిక్షణ మొదలై వారం అయ్యుంటుంది. ఒక మధ్యాహ్నం ఆయన బస్సు కండక్టరు వచ్చాడు, చంకలో ప్యాంట్ల మూటతో. ఈ కండక్టరు మా ఆయన్ని 'అన్నా' అంటాడు, కాబట్టి నన్ను వదినా అనేవాడు. విడాకులయ్యాక వదినా అనాలో అక్కా అనాలో తెలీక చాన్నాళ్ళు 'ఇదిగోనండీ' అని నెట్టుకొచ్చాడు, ఈమధ్యే అక్క దగ్గర స్థిరపడ్డాడు.

"నడుము దగ్గర కాస్త వదలాలక్కా. ఊపిరాడట్లేదు."

"లోపల గుడ్డ ఉందిలే. నీ పొట్ట సంగతి తెలిసే కుట్టేటప్పుడు వదిలాను."

అతను నవ్వి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి, "పాపం అన్నకే, దేంట్లోనూ ఒదులు లేకుండా పోయింది" అన్నాడు.

"ఏమైంది?"

"సెలవు చీటీ అమ్ముకున్నాడు కదా. మీకు తెలీదా?"

నాకు తెలీదు. సుద్దముక్క పక్కన పెట్టి సరిగ్గా చెప్పమన్నాను.

"ఎండాకాలం అందరికీ ఒకేసారి సెలవిస్తే బస్సులెవరు తోల్తారు? అందుకని మా డిపోలో చీటీలు తీస్తారు. చీటీ వచ్చినవాళ్ళకే వారం సెలవు. మూడేళ్ళుగా అన్నకి రాలేదు, ఈసారి వచ్చింది. పిల్లని సముద్రం చూపిస్తానని డిపో అంతా చెప్పుకున్నాడు. చక్రాల సంచి కూడా కొన్నాడు. ఇంతలో పిల్ల ఈత ఫీజు పదో తేదీకి కట్టాలని కబురు. జీతమేమో పదిహేనుకి గాని రాదాయె. ఇంకో డ్రైవరు ఆ చీటీ కావాలంటే ఇచ్చేసి డబ్బు తీసుకున్నాడు. మా దగ్గర అది మామూలే అనుకోండి. కానీ అన్న మొహం చూడలేకపోయాం. కిందటి వారమే ఆ సెలవు. ఆ వారమంతా డ్యూటీ చేశాడు."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పది. పదిహేను. ఇరవై. మళ్ళీ పెట్టుకున్నాను. ఎన్నిసార్లు పెట్టినా జీతం వచ్చాక ఇంకా అయిదు రోజులు మిగులుతున్నాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఆ ప్యాంటు కుట్టు విప్పుతూ కూర్చున్నాను. కండక్టరు రెండుసార్లు, "ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.

సాయంత్రం పిల్ల తలస్నానం చేసి తడిజుట్టుతో వచ్చింది. తువ్వాలుతో తల తుడుస్తూ అడిగాను, "సముద్రం సంగతి నాతో ఎందుకు చెప్పలేదే?"

తువ్వాలు కింద తల కదలడం ఆగిపోయింది.

"నీకు చెప్తే, ఫీజుకి డబ్బు లేదు గాని షికార్లకి ఉందా అని నాన్నని అంటావు" అంది. "నాన్నకి నిజం తేదీ చెప్తే నిన్ను అంటాడు. అందుకని ఎవరికీ ఏమీ చెప్పలేదు."

నా చేతులు దాని తల మీదే ఉండిపోయాయి.

"ఇంక నేను చెప్పనమ్మా. మీ మాటలు మీరే చెప్పుకోండి. నాకు పొద్దున్నే నీళ్ళలోకి దిగితే బావుంటుంది తెలుసా, ఎవరి మాటా వినబడదు."

ఏడవలేదు, అరవలేదు. సోమవారం బడి లేదు అన్నంత మామూలుగా చెప్పింది. చెప్పి, "ఆ చక్రాల సంచి నాన్న దగ్గరే ఉంది. అందులో నా కొత్త టోపీ ఉండిపోయింది" అంది. ఆ టోపీ మాటకి నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి పని ఉన్నట్టు గిన్నెలు సర్దాను.

మర్నాడు షాపుకి తాళం పెట్టి డిపోకి వెళ్ళాను. విడాకులయ్యాక అటు కాలు పెట్టడం అదే మొదలు. రెండు బస్సుల మధ్య నీడలో స్టూలు వేసుకుని ఆయన భోజనం డబ్బా విప్పుతున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"పిల్లకేమైనా అయిందా?"

"ఏం కాలేదు. అది బాగుంది. నేనే వచ్చాను."

గడియారం చూసుకుని, "కూర్చో. నాకు పన్నెండు నిమిషాలుంది" అన్నాడు. మామూలప్పుడైతే ఆ మాటకి ఒళ్ళు మండేది. ఆ రోజు మండే హక్కు నాకు లేదు.

దారంతా మాటలు వరసగా కూర్చుకుంటూ వచ్చాను. అక్కడికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. "తేదీ పది కాదు, ఇరవై" అన్నాను.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"పదో తేదీనే. కౌంటర్లో అమ్మాయి అంది, ఇంత తొందరేంటి సార్, ఇంకా పది రోజులుందిగా అని."

"అప్పుడే వెనక్కొచ్చి చీటీ తీసుకోవచ్చుగా?"

"ఎలా తీసుకుంటాను? అతను అప్పటికే పెళ్ళానికి చెప్పుకున్నాడు, పిల్లలకి చెప్పుకున్నాడు."

"నాకు ఫోన్ చేసి నాలుగు తిట్టొచ్చుగా?"

డబ్బా మూత అటూ ఇటూ తిప్పాడు. "చేద్దామనే అనుకున్నాను. రెండు ట్రిప్పులు కోపంతోనే తోలాను. తర్వాత తగ్గింది. పన్నెండేళ్ళు నువ్వు గుడ్డ కత్తిరిస్తుంటే చూశాను. ఎదిగే పిల్ల బట్టకి లోపల కాస్త వదలకుండా ఎప్పుడన్నా కత్తెర పెట్టావా? ఇదీ దానికోసం వదిలిందే కదా అనుకున్నాను. నా మీద నమ్మకం లేదు, అంతేగా. అదేం కొత్త కాదు."

ఆ చివరి మాట ఎత్తిపొడుపుగా అన్నా తట్టుకునేదాన్ని. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు.

"తప్పు నాది" అన్నాను. "పిల్ల సముద్రాన్ని నేను మింగేశాను. మీరు..." అని ఆగిపోయాను. రెండేళ్ళ తర్వాత నోట్లోంచి ఆ 'మీరు' ఎలా జారిందో నాకే తెలీదు. ఇద్దరం విననట్టే ఊరుకున్నాం.

బ్యాగులోంచి పూల్ కాగితం తీసి చేతికిచ్చాను. "రెండో వాయిదా ముప్పయ్యో తేదీ. ముప్పయ్యంటే ముప్పయ్యే. లోపల గుడ్డ లేదు. కావాలంటే చూసుకో. ఇక మీదట పిల్లతో కబురు పంపను, నేనే ఫోన్ చేస్తాను."

ఆయన కాగితం తీసుకున్నాడు. మడతలు విప్పలేదు. అలాగే తిరిగి నా చేతిలో పెట్టి, "నువ్వు చెప్పావుగా, చాలు" అన్నాడు.

పన్నెండేళ్ళ కాపురంలో ఆ మనిషి నాతో అంత మంచి మాట అనలేదు. అనే అవకాశం నేనూ ఇవ్వలేదనుకోండి. లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చాను.

"పోటీల ముందు పది రోజులు పిల్ల నీ దగ్గరే ఉండనీ."

"నాకు సెలవు లేదుగా."

"దానికుందిగా. పొద్దున్న ఈత అయిపోయాక నీ బస్సులో కూర్చుంటుంది."

ఆయన ఆలోచించాడు. "టికెట్ తీసుకోవాలి మరి" అన్నాడు. అది హాస్యమని నాకు అర్థమయ్యేసరికి డిపో గేటు దాటాను.

ముప్పయ్యో తేదీ పొద్దున్న ఆయన సగం కట్టాడు. నేను ఇరవై తొమ్మిది పొద్దున్నే, ఆయనకంటే ముందే కట్టాను. కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

ఆ పది రోజులూ పిల్ల డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుని ఊరంతా తిరిగింది. సాయంత్రం ఫోన్లో ఊపిరి తీసుకోకుండా చెప్పేది. ఎవరో ముసలాయన రోజూ తన కుక్కతో మాట్లాడుతూ ఎక్కుతాడట. కండక్టరు మామ ప్యాంటు మళ్ళీ బిగుతైందట. "వంతెన మీదకి రాగానే నది కనబడుతుందమ్మా. నాన్న దాన్నే సముద్రం అనుకోమన్నాడు. రోజుకి ఎనిమిదిసార్లు సముద్రం చూస్తున్నా" అంది. చక్రాల సంచిలోంచి ఆ టోపీ కూడా బయటికి తీసి పెట్టుకుందట.

ఇక్కడ ఇల్లు బోసిపోయింది. ఏం చెయ్యాలో తోచక మూల పడున్న బట్టలన్నీ కుట్టేశాను. ఇక నుంచి మాట మీద నిలబడాలని ఒట్టు పెట్టుకుని, శుక్రవారం అన్నవి శుక్రవారానికి మడతపెట్టి సిద్ధంగా ఉంచాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. అందరూ మంగళవారం వచ్చారు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళు కూడా నా మాటకి లోపల నాలుగు రోజులు పెట్టుకునే లెక్కేసుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

పోటీలు ఆదివారం తొమ్మిదింటికి. పిల్ల ఆరింటికే పూల్‌కి వెళ్ళిపోయింది. ఆయన పొద్దుటి డ్యూటీ ఆ పూల్ దగ్గరే ముగుస్తుంది. ముందురోజు ఫోన్ చేసి, "ఏడూ పదహారు బస్సు ఎక్కుతాను, అక్కడి నుంచి ఇద్దరం లోపలికి వెళ్దాం" అన్నాను. ఆయన "సరే" అన్నాడు.

నా జీవితంలో మొదటిసారి ఆరున్నరకే తయారై కూర్చున్నాను. ఏడింటికి మెట్లు దిగాను. వీధి మలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, పోటీ అయ్యాక పిల్ల వేసుకోవడానికి కుట్టిన కొత్త గౌను మిషను మీదే ఉండిపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. వెనక్కి పరుగెత్తాను, తాళం ఓ పట్టాన రాలేదు, గౌను తీసుకుని మళ్ళీ పరుగెత్తాను. వీధి గడియారం ఏడూ పద్దెనిమిది చూపిస్తోంది. అయిపోయింది, ఈ మనిషి నన్ను ఈ జన్మకి నమ్మడు, పిల్ల పైకి చూసేసరికి నా కుర్చీ ఖాళీగా ఉంటుంది అనుకుంటూ మలుపు తిరిగాను.

బస్సు అక్కడే ఉంది.

తలుపు తెరిచి, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చి నావైపే చూస్తున్నాయి. పక్క అద్దంలో ఆయన కళ్ళు కనబడ్డాయి. ఎక్కి, ఆయాసపడుతూ మొదటి సీట్లో కూలబడ్డాను. ఆయన వెనక్కి తిరగలేదు. తలుపు మూసి బస్సు కదిలించాడు.

వంతెన దాటాక నేనే అన్నాను, "రెండు నిమిషాలు ఆలస్యం చేశాను."

"పరవాలేదు. మొదటి స్టాపు నుంచే లోపల రెండు నిమిషాలు పెట్టుకుని తోలాను" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చివరి స్టాపులో సరిగ్గా టైముకే ఆగాం.

పిల్ల నాలుగోదిగా వచ్చింది. మూడో పిల్లకీ దానికీ తేడా ఒక చెయ్యంత. గోడ పట్టుకుని ఈత కళ్ళద్దాలు పైకి తోసి, జనంలో మాకోసం వెతికింది. ఎప్పుడూ తన చూపు రెండు వేర్వేరు చోట్లకి వెళ్ళేది, ముందు ఒకరిని, తర్వాత ఇంకొకరిని. ఆ రోజు ఒకే బెంచీ మీద ఇద్దరం ఉన్నాం, మధ్యలో దాని గౌను పెట్టుకుని. చూసి, మళ్ళీ నీళ్ళలో మునిగింది. పైకి లేచాక నవ్వుతోంది. నాలుగో స్థానానికి అంతలా నవ్విన పిల్లని నేను చూడలేదు.

మేం మళ్ళీ కలిసిపోలేదు. గడియారాలు అలా కలవవు. కానీ ఆ ఎండాకాలం తర్వాత మా పిల్ల ఎవరి మాటా మోయలేదు. మరుసటి ఏడు ఆయనకి చీటీ రాకపోతే, నా షాపు మూసి నేనే దాన్ని రైలెక్కించి సముద్రానికి తీసుకెళ్ళాను, ఆ ఖర్చులో సగం ఆయన అడక్కుండానే పంపాడు. కళ్ళజోళ్ళు, ఈత, పెద్ద చదువు, అన్నీ చెరిసగంగా నడిచాయి, ఒక్క తేదీ కూడా అటూ ఇటూ కాకుండా. ఆ మనిషి కౌంటరు దగ్గర నిజం తెలిసిన రోజున నన్ను నలుగురిలో పెట్టి కడిగేయాల్సింది. కడగలేదు. ఆ ఒక్కదానికి నేను ఆయనకి రుణపడి ఉన్నాను, ఆ రుణం చెరిసగం అయ్యేది కాదు.

పోటీల రోజు సంగతి ఇంకొకటి మిగిలింది. పోటీలయ్యాక బయట చెట్టు కింద కండక్టరు నన్ను పక్కకి పిలిచి, నడుము దగ్గర ప్యాంటు సర్దుకుంటూ చెప్పాడు.

"పొద్దున మీకోసం బస్సు ఆపితే నలభై మందీ గోల చేశారక్కా. ఎవరి కోసం ఆపావయ్యా అని ఒకాయన లేచి నిలబడ్డాడు. అన్న వెనక్కి తిరిగి, 'మా పిల్ల తల్లి రావాలి' అన్నాడు. అంతే, అందరూ కూర్చున్నారు."

నలభై మందికి ఏం చెప్పాలని పద్నాలుగేళ్ళ కిందట నన్నడిగాడు కదా, ఆ జవాబు చివరికి తనే వెతుక్కున్నాడు. చాలా ఆలస్యంగా దొరికింది. అయినా ఆలస్యాన్ని తప్పుపట్టడానికి నేనెవరిని?